మెన్నోనైట్ మామ్మగారి జీవితకథ రాస్తున్నాను: ఆ కోటు సంగతి ఉంచాలా, తీసేయాలా?

విన్నిపెగ్_హోమ్‌కేర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను విన్నిపెగ్‌లో పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్లను చూసుకునే పని చేస్తాను. నార్త్ కిల్డోనన్‌లో ఒక మామ్మగారి దగ్గరికి చాలాకాలంగా వెళ్తున్నా. ఆవిడ మెన్నోనైట్. 1936లో సోవియట్ ఉక్రెయిన్‌లో, మొలోచ్నా నది పక్క ఊళ్లలో ఒకదాంట్లో పుట్టారు. 1948లో పన్నెండేళ్ల పిల్లగా కెనడాలో దిగారు. ఇప్పుడు చూపు మందగించి రాసుకోలేరు. మునిమనవల కోసం తన కథ టైప్ చేసి పెట్టమని నన్ను అడిగారు. ఆవిడ చెబుతుంటే నేను రాసుకుంటున్నా. ఇక్కడ పెట్టడానికి ఒప్పుకున్నారు, పేరూ ఊరూ మాత్రం చెప్పను.

వీళ్ల గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. పదహారో శతాబ్దపు డచ్ బోధకుడు మెన్నో సైమన్స్ పేరు మీద వచ్చిన క్రైస్తవ శాఖ ఇది. బాప్తిస్మం పెద్దయ్యాక తెలిసి తీసుకోవాలంటారు, ఆయుధం పట్టకూడదంటారు. ఆ రెండు పట్టుదలల వల్లే నెదర్లాండ్స్ వదిలి విస్తులా నది డెల్టాకు వచ్చారు. తర్వాత కేథరిన్ రాణి పిలుపుతో 1789 నుంచి ఉక్రెయిన్ మైదానాలకు వెళ్లారు. మొలోచ్నాలో 1804లో ఊళ్లు కట్టుకున్నారు. ఇంట్లో మాట్లాడుకునేది ప్లాట్‌డీచ్, అంటే లో జర్మన్.

మామ్మగారి నాన్నను 1938 మొదట్లో ఒక రాత్రి పోలీసులు వచ్చి పట్టుకెళ్లారు. అప్పటికి ఈవిడకు రెండేళ్లు నిండలేదు. ఆయన ముఖం గుర్తులేదు. అమ్మ, అమ్మమ్మ, అన్న, అక్క, ఈవిడ మిగిలారు. 1941లో జర్మన్ సైన్యం దగ్గరికొస్తోందని సోవియట్ ప్రభుత్వం ముందు మగవాళ్లను తీసుకుపోయింది. తర్వాత ఆడవాళ్లను, పిల్లలను రైల్వే స్టేషన్‌కు రమ్మంది, కజకిస్తాన్ పంపడానికి. మూటల మీద కూర్చుని ఆరుబయట రోజులు గడిపారు. రైలు రాకముందే జర్మన్లు వచ్చారు. వెనక్కి ఇంటికి నడిచి వెళ్లిపోయారు. పక్క ఊళ్లవాళ్ల రైలు మాత్రం అప్పటికే వెళ్లిపోయింది.

1943 సెప్టెంబరులో జర్మన్ సైన్యం వెనక్కి తగ్గుతుంటే ఊరు ఊరంతా బండ్లు కట్టి దానితో పాటే పడమరకు బయల్దేరింది. బయల్దేరే ముందు పొయ్యిలు ఆరలేదట. ఒక బన్ను మీద చిన్న బన్ను కూర్చోబెట్టి కాల్చే త్స్వీబాక్ అని వీళ్లకొకటుంది. దాన్ని విరిచి మళ్లీ ఓవెన్‌లో పెట్టి, గట్టిగా టపటపలాడేదాకా వేయించి, దిండు గలీబుల్లో నింపి మూతి కట్టారు. పందిని కోసి కొవ్వు కరిగించి మట్టిజాడీల్లో పోశారు. ఆవును బండి వెనక కట్టారు. వానలు, బురద. డ్నీపర్ నది దాటాక ఆవు గిట్టలు పగిలి నడవలేకపోతే అమ్మమ్మ తాడు విప్పేసింది. ఆ ఆవు కొంతదూరం బండి వెంటే వచ్చిందట. చావుల గురించి మామూలుగా చెప్పే మనిషి, ఈ ఆవు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు.

1944లో పోలండ్‌లో జర్మన్లు ఆక్రమించి వార్తెగావ్ అని పేరుపెట్టిన ప్రాంతానికి చేరారు. అక్కడ జర్మన్ పౌరసత్వం ఇచ్చి, ఒక పొలం ఇల్లు చూపించారు. అది ఒక పోలిష్ కుటుంబానిది. ఆ ఇంటి యజమానురాలిని పనిమనిషిగా అదే ఇంట్లో ఉంచారు. చలికాలానికి మామ్మగారికి ఒక మందపాటి నీలం కోటు దొరికింది. అది ఆ పోలిష్ ఆవిడ కూతురిది. కూతుర్ని ఎక్కడికో పనికి పంపేశారు. స్కూలుకు వెళ్లేటప్పుడు ఆ కోటు గుండీలు పెట్టింది ఆ తల్లే. కింది నుంచి పైకి పెట్టేదట, పై గుండీ దగ్గర కాసేపు చెయ్యి ఆపేదట. ఎనిమిదేళ్ల పిల్లకి అప్పుడు ఏమీ తట్టలేదు. తనకు కూతురు పుట్టాక, కోటు తొడుగుతుంటే తట్టింది.

పదిహేడేళ్ల అన్నను సైన్యంలోకి లాక్కున్నారు. ఆయుధం పట్టని వంశం. 1945 జనవరి తర్వాత అతని జాడ లేదు. ఆ జనవరిలోనే సోవియట్ సైన్యం వస్తోందని మళ్లీ పరుగు. అమ్మమ్మ దారిలో పోయింది. ఓడిన జర్మనీలో బ్రిటిష్ సైన్యం చేతిలో ఉన్న భాగానికి, అంటే బ్రిటిష్ జోన్‌కు చేరాక అమ్మ చేసిన మొదటి పని, తమ సోవియట్ కాగితాలన్నీ పొయ్యిలో వేయడం. ఎందుకంటే యాల్టా ఒప్పందం ప్రకారం సోవియట్ పౌరుల్ని వెనక్కి పంపేయాలి. పిల్లలకు గట్టిగా చెప్పింది, నోట రష్యన్ ముక్క రాకూడదని. ఒకసారి శరణార్థుల క్యాంపుకి సోవియట్ అధికారి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఈవిడకు చాక్లెట్ చూపించి రష్యన్‌లో పేరడిగాడు. చక్కగా అర్థమైంది. అతని చేతి వంక చూస్తూ అలాగే నిలబడింది. పిన్ని కుటుంబం రష్యన్ జోన్‌లో దొరికిపోయింది, కజకిస్తాన్‌లో తేలింది.

1948లో మేనమామ స్పాన్సర్ చేస్తే బ్రెమెన్‌లో బీవర్‌బ్రే ఓడ ఎక్కారు. అక్క ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో మచ్చ కనపడింది, కెనడా వద్దంది. అక్క వేరే బంధువులతో పరాగ్వే వెళ్లింది, చాకో ఎండల్లోకి. అక్కాచెల్లెళ్లు మళ్లీ కలుసుకునేసరికి ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. ఇక్కడ మొదటి వేసవి మామ్మగారు, అమ్మ మానిటోబాలో చక్కెర దుంప చేలల్లో వంగి మొక్కలు పలచన చేశారు. తర్వాత అమ్మ విన్నిపెగ్‌లో ఇళ్లు తుడిచింది, నార్త్ కిల్డోనన్‌లో కోళ్ల షెడ్డు పెట్టుకుంది. మళ్లీ పెళ్లి చేసుకోమని ఒకాయన అడిగితే, మొగుడు బతికే ఉన్నాడేమో అని ఒప్పుకోలేదు. 1950ల చివర్లో పిన్ని ద్వారా ఒక సర్టిఫికెట్ కాపీ వచ్చింది: నాన్న 1943లో గుండెజబ్బుతో పోయినట్టు.

ఇప్పుడు నా ప్రశ్నలు. మామ్మగారి అబ్బాయి అరవై దాటిన మనిషి, చాలా మంచివాడు. కోటు సంగతి, పోలిష్ ఇంటి సంగతి పుస్తకంలో వద్దంటున్నాడు. "మనం శరణార్థులం, దోచుకున్నవాళ్లం కాదు" అంటాడు. మామ్మగారు ఉండాల్సిందే అంటున్నారు. నేను ఏం చేయాలి? రెండోది, ఆవిడ ఫైల్లో జర్మన్ పౌరసత్వ కాగితం ఉంది, క్యాంపులో డచ్ మూలం అని రాసిన కార్డు ఉంది, కెనడా కాగితంలో ఏ దేశమూ లేదని ఉంది. పుట్టింది ఉక్రెయిన్. ఏది నిజమని రాయాలి? మూడోది, నాన్న గురించి ఇంకేమైనా వెతికే దారి ఉందా?

సాస్కటూన్_పాతకాగితాలు:

చదివి చాలాసేపు కూర్చుండిపోయానండీ. మా ఆవిడ తరఫువాళ్లు ఈ జనమే, 1920ల్లో వచ్చినవాళ్లు. అందుకని కాగితాల సంగతి కొంత తెలుసు.

ముందు ఆ మేనమామ గురించి. 1919లో కెనడా మెన్నోనైట్‌లను రానివ్వకుండా నిషేధం పెట్టింది. 1922లో ఎత్తేసింది. 1923 నుంచి 1930 లోపు సుమారు 20,000 మంది సోవియట్ దేశం నుంచి వచ్చారు. చాలామందికి టికెట్ డబ్బు లేదు. కెనేడియన్ పసిఫిక్ రైల్వే అప్పు మీద తీసుకొచ్చింది. ఆ అప్పు, కరువు సంవత్సరాల మీదుగా, 1946 దాకా తీర్చారు. అంటే అప్పు తీరీ తీరకముందే క్యాంపుల నుంచి మీ మామ్మగారి అమ్మలాంటి అక్కచెల్లెళ్ల ఉత్తరాలు మొదలయ్యాయి. అప్పు బాధ తెలిసిన మనుషులు మళ్లీ సంతకాలు పెట్టారు. పుస్తకంలో ఆ మేనమామకు ఒక పేజీ ఇవ్వండి, నా మాట వినండి.

మీరు విన్నిపెగ్‌లోనే ఉండటం అదృష్టం. మెన్నోనైట్ హెరిటేజ్ ఆర్కైవ్స్ మీ ఊళ్లోనే ఉంది. వలసలు చూసిన కెనేడియన్ మెన్నోనైట్ బోర్డ్ ఆఫ్ కొలనైజేషన్ కాగితాలు అక్కడున్నాయి. మేనమామ పేరు, పుట్టిన ఊరు, వచ్చిన సంవత్సరం రాసుకుని వెళ్లండి. పేర్ల స్పెల్లింగు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, అన్నీ ప్రయత్నించండి.

అంతకంటే ముఖ్యమైనది ఈడబ్ల్యూజెడ్ ఫైలు. 1944లో పౌరసత్వం ఇచ్చేటప్పుడు జర్మన్ వలస కేంద్రం ఒక్కో కుటుంబానికి ఫారాలు నింపింది. తాతముత్తాతల పేర్లు, ఎవరు ఎక్కడ పుట్టారు, ఏమయ్యారు అన్నీ అడిగారు. వాళ్ల ఉద్దేశం రక్తం లెక్కలు కట్టడం, అది దుర్మార్గమే. కానీ ఇవాళ వంశం వెతికేవాళ్లకు ఇంత వివరం ఇంకెక్కడా దొరకదు. అసలు ఫైళ్లు జర్మనీ ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో, మైక్రోఫిల్ములు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఫొటోలు కూడా ఉండే అవకాశం ఉంది. నాన్న పేరున్న చోట అమ్మ ఏం చెప్పిందో చూడండి, 1944లో ఆవిడకు తెలిసింది అందులో ఉంటుంది. క్యాంపు కాగితాలకు జర్మనీలోని అరోల్సెన్ ఆర్కైవ్స్ ఉంది, ఇంట్లో కూర్చుని ఉచితంగా వెతుక్కోవచ్చు.

ఏ దేశం అని రాయాలన్నారు. ఒకటే రాయక్కర్లేదు. ఫలానా తేదీన ఫలానా ఆఫీసు ఇలా రాసింది అని మూడూ పెట్టండి. ఆ మూడు తేదీలు పక్కపక్కన చూస్తే చదివేవాళ్లకు ఆ తల్లి ఎవరి నుంచి తప్పించుకుంటోందో వాళ్లకే తెలుస్తుంది.

చరిత్ర_మాస్టారు:

నేను కోటు గురించే మాట్లాడతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో గట్టి సంగతి అదే.

వార్తెగావ్ ఖాళీ నేల కాదు. అక్కడి పోలిష్ వాళ్లను లక్షల్లో ఇళ్లలోంచి వెళ్లగొట్టి, తూర్పు నుంచి తెచ్చిన జర్మన్ మాటవాళ్లను కూర్చోబెట్టారు. ఈ పౌరసత్వం ఇచ్చే పెద్ద ఆఫీసు లోజ్ నగరంలో ఉండేది, దానికి లిట్జ్‌మన్‌స్టాట్ అని పేరు మార్చారు. అదే నగరంలో యూదులను బంధించి ఉంచిన ఘెట్టో 1944 ఆగస్టు దాకా ఉంది. దగ్గర్లోనే హెల్మ్నో అనే చోట మనుషుల్ని విషవాయువుతో చంపారు. చంపినవాళ్ల బట్టల్ని తూర్పు నుంచి వచ్చిన ఈ జర్మన్ కుటుంబాలకు పంచమని 1942లోనే పైనుంచి ఆదేశాలున్నాయి. ఈవిడ కోటు ఎవరిదో ఈవిడకు తెలుసు. తమ కోటు ఎవరిదో తెలియకుండా పెరిగిన పిల్లలు వేలమంది ఉంటారు.

మొలోచ్నా సంగతీ చెప్పాలి. 1942లో నాజీల ఎస్ఎస్ అనే సాయుధ దళం అధిపతి హిమ్లర్ స్వయంగా అక్కడి హాల్బ్‌స్టాట్‌కు వచ్చాడు. కొంతమంది మెన్నోనైట్ కుర్రాళ్లు ఎస్ఎస్ దళాల్లో చేరారు. పోలీసులో, అనువాదకులుగా పనిచేసినవాళ్లూ ఉన్నారు. ఉత్తరాన ఉన్న జపరోజియా నగరంలో యూదులను 1942 మార్చిలో వేల సంఖ్యలో కాల్చి చంపారు. సోవియట్ పాలనలో ఇరవై ఏళ్లు నలిగిన జనానికి జర్మన్ సైన్యం విముక్తిలా కనపడింది, చర్చిలు మళ్లీ తెరుచుకున్నాయి. ఈ రెండూ ఒకే ప్రాంతంలో, ఒకే కాలంలో జరిగాయి. అబ్బాయి గారు మొదటి సగం విని పెరిగారు, రెండో సగం ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది.

డచ్ మూలం గురించి. పూర్వీకులు నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మాట నిజమే, కానీ అది నాలుగు వందల ఏళ్ల కిందటి మాట. యుద్ధం తర్వాత ఐక్యరాజ్య సమితి పెట్టిన ఐఆర్ఓ అనే శరణార్థుల సంస్థ జర్మన్ జాతివాళ్లకు సాయం చేయకూడదన్న నియమం పెట్టుకుంది. అందుకే ఎంసీసీ, అంటే మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ, వీళ్లు డచ్ మూలంవాళ్లని వాదించింది. 35,000 మంది పడమరకు బయల్దేరితే సుమారు 23,000 మందిని పట్టుకుని సోవియట్ దేశానికి పంపేశారు. ఆ లెక్క తెలిసిన తల్లి, అధికారి ఏ పదం వింటే వదిలేస్తాడో ఆ పదం చెబుతుంది. నేనైనా చెబుతాను. కానీ ఎనభై ఏళ్ల తర్వాత రాసే పుస్తకానికి ఆ భయం లేదు.

ఇది బయటివాళ్లు వేస్తున్న నింద అని అబ్బాయి గారు అనుకోకుండా చూడండి. 2018లో కాన్సాస్‌లోని బెతెల్ కాలేజీ అనే మెన్నోనైట్ కాలేజీలోనే మెన్నోనైట్‌లూ హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) అన్న అంశం మీద సదస్సు జరిగింది. 2021లో ఎంసీసీ తన సొంత పత్రికలో నాజీ కాలంతో తన సంబంధాల మీద పరిశోధన వ్యాసాలు వేసింది. వాళ్ల ఇంట్లోవాళ్లే ఈ పని మొదలుపెట్టారు.

ఎనిమిదేళ్ల పిల్ల మీద ఏ నేరమూ లేదు. ఆవిడ నేరం ఒప్పుకుంటానని కూడా అనడం లేదు. ఒక పోలిష్ తల్లి పై గుండీ దగ్గర చెయ్యి ఆపిందని చెబుతోంది. ఆ తల్లి గురించి చెప్పగలిగినవాళ్లు ఈ భూమ్మీద ఈవిడ తప్ప ఎవరూ లేకపోవచ్చు. ఉంచండి.

పాలమూరు_ఎంబీ:

మాస్టారుగారి మాట సబబే, కానీ అబ్బాయి పక్షాన నిలబడేవాళ్లు కూడా ఒకరుండాలి.

నేను మహబూబ్‌నగర్ వైపు మెన్నోనైట్ బ్రదరెన్ సంఘంలో పెరిగాను. మా సంఘాల మొదలు కూడా ఆ మొలోచ్నాలోనే ఉంది. ఆ ఉక్రెయిన్ మెన్నోనైట్ సంఘాల నుంచే అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ దంపతులు 1890 ప్రాంతంలో నల్గొండకు వచ్చారు. చిన్నప్పుడు ఆ ఊళ్ల పేర్లు సంఘ చరిత్రలో చదివినవాణ్ణి. ఆ ఊళ్లు ఆ తర్వాత ఏమయ్యాయో మాకెవరూ చెప్పలేదు. ఇవాళ ఇక్కడ చదువుతుంటే గుండె బరువెక్కింది.

అబ్బాయి భయం నాకు తెలిసినట్టే ఉంది. తల్లి పోయాక ఆ పుస్తకం సంఘంలో చేతులు మారుతుంది. ఒక పేజీ ఫొటో తీసి ఎవరో ఎక్కడో పెడతారు, మొత్తం కథలో నాజీ అన్న మాటొక్కటే మిగులుతుంది. రాత్రికి రాత్రి భర్త పోయి, కొడుకు పోయి, కూతురు ఒక ఖండంలో తాను ఒక ఖండంలో బతికిన ఆ అబ్బాయి అమ్మమ్మ ఎక్కడికి పోవాలి?

అందుకని నా సలహా, ఆ భాగం మీ మాటల్లో రాయకండి. వివరణ వద్దు, సమర్థన వద్దు, క్షమాపణ కూడా వద్దు. మామ్మగారి నోటి మాట ఉన్నది ఉన్నట్టు రికార్డు చేసి, అలాగే దించండి. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టండి. ఆయన ఇంతవరకు దాన్ని మీ ద్వారానే విన్నాడని నాకనిపిస్తోంది. తల్లి నోట విన్నాక కూడా వద్దంటే అప్పుడు ఆలోచించవచ్చు.

జపరోజియా_డాక్టర్:

నేను మెడిసిన్ జపరోజియాలో చదివాను. సెలవు రోజుల్లో డ్నీపర్ నదిలోని హోర్టిత్సియా దీవికి నడిచి వెళ్లేవాళ్లం. నది అవతలి ఒడ్డున పాత మెన్నోనైట్ ఇటుక ఇళ్లు, స్కూలు భవనాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల ఊరి మధ్యలో ఉండే ముసలి ఓక్ చెట్టు కూడా చూశాను. దానికి ఏడు వందల ఏళ్లని చెప్పేవాళ్లు. ఒక్క కొమ్మకు తప్ప ఆకుల్లేవు.

నాన్నగారి విషయంలో ఒకటి చెప్పాలి, మామ్మగారితో ఎలా చెప్పాలో మీరు చూసుకోండి. ఆ 1943, గుండెజబ్బు అన్న సర్టిఫికెట్‌ను అలాగే నమ్మకండి.

1937 జూలైలో సోవియట్ రహస్య పోలీసు సంస్థ ఎన్‌కేవీడీ 00439 నంబరు ఆదేశంతో, జర్మన్‌లను పట్టుకునే జర్మన్ ఆపరేషన్ మొదలైంది. 1938 నవంబరు దాకా దాని కింద సుమారు 55,000 మందికి శిక్ష వేశారు, వాళ్లలో సుమారు 42,000 మందిని కాల్చి చంపారు. కోర్టు లేదు, లాయరు లేడు, జాబితా మీద సంతకం అంతే. ఇంట్లోవాళ్లు అడిగితే "పదేళ్లు, ఉత్తరాలు రాసే హక్కు లేదు" అని చెప్పేవాళ్లు. పదేళ్లు దాటాక కూడా మనిషి రాకపోయేసరికి జనం మళ్లీ అడగడం మొదలుపెట్టారు. అప్పుడు 1955లో, ఎన్‌కేవీడీ పని తర్వాత చేపట్టిన కేజీబీ నుంచి లోపలి ఆదేశం ఒకటి వచ్చింది. కాల్చి చంపినవాళ్లు జైలు క్యాంపులో జబ్బుతో పోయారని చెప్పాలి, తేదీ అరెస్టయిన నాటి నుంచి పదేళ్ల లోపు ఏదో ఒకటి వేయాలి. అలా దేశమంతా గుండెజబ్బు, న్యుమోనియా అంటూ సర్టిఫికెట్లు వెళ్లాయి. చాలావాటి మీద 1942, 1943 లాంటి యుద్ధకాలం తేదీలే, నమ్మడానికి తేలిగ్గా ఉంటాయని. అసలు తేదీ, అసలు కారణం రెండూ రాసి ఇవ్వడం 1980ల చివర్లోనే మొదలైంది. డాక్టరుగా ఇది నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. చావు కారణం రాసే గడిలో తెలిసి తెలిసి అబద్ధం రాయించారు.

మామ్మగారి నాన్న 1938లోనే పోయి ఉండవచ్చు. కచ్చితంగా తెలియాలంటే కేసు ఫైలు చూడాలి. 2015లో ఉక్రెయిన్ చట్టం చేసి ఆ అణచివేత సంస్థల ఫైళ్లన్నీ తెరిచింది, విదేశీయులు కూడా అడగవచ్చు. మొలోచ్నా ఊళ్లు, టోక్‌మాక్, ఇప్పుడు మొలొచాన్స్క్ అని పిలిచే హాల్బ్‌స్టాట్ 2022 నుంచి రష్యా ఆక్రమణలో ఉన్నాయి. కానీ జపరోజియా నగరం ఉక్రెయిన్ చేతిలోనే ఉంది, ప్రాంతీయ ఆర్కైవ్ అక్కడే ఉంది. ఒక మెలిక ఏమిటంటే, జపరోజియా ప్రాంతం వేరుగా ఏర్పడింది 1939 జనవరిలో. మీ కేసు 1938 మొదట్లోది, అప్పుడా ఊళ్లు డ్నిప్రోపెట్రోవ్‌స్క్ కింద ఉండేవి. అందుకని రెండు చోట్లకూ ఈమెయిల్ పెట్టండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం, ఊరి పాత జర్మన్ పేరు, రష్యన్ పేరు, రెండూ రాయండి. యుద్ధం మధ్యలో పనిచేస్తున్న మనుషులు, జవాబు ఆలస్యమైతే విసుక్కోకండి.

ఫైలు దొరికితే అందులో అరెస్టు ఫారం, విచారణ పేజీలు, చివర్లో చిన్న చీటీ ఉంటాయి. ఆ చీటీ మీద ఉన్నదే అసలు తేదీ. విచారణ పేజీల్లో ఆయన ఏవేవో ఒప్పుకున్నట్టు, ఊరివాళ్ల పేర్లు చెప్పినట్టు ఉంటే మామ్మగారు బాధపడవద్దు. అలాంటి ఒప్పుకోళ్లు కొట్టి రాయించినవి.

విన్నిపెగ్_హోమ్‌కేర్:

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఒక్కొక్కరి జవాబూ ప్రింట్ తీసుకుని, రాత్రి కూర్చుని ఇంగ్లీషులోకి రాసి, మామ్మగారికి చదివి వినిపించాను.

డాక్టరుగారు, సర్టిఫికెట్ సంగతి చెప్పేముందు నాకు చాలా టెన్షన్‌గా ఉండింది. ఆవిడ విని, "అమ్మకు ఎప్పుడూ అనుమానమే. ఆయన గుండె చాలా గట్టిదని అనేది" అన్నారు. తర్వాత, వాళ్లమ్మను పెళ్లి చేసుకుంటానన్న ఆయన గురించి చాలాసేపు మాట్లాడారు. అలా కొత్తగా పెళ్లి చేసుకున్న కొందరికి 1950ల్లో మొదటి భర్త బతికే ఉన్నాడని ఉత్తరాలు వచ్చాయట. దాని మీద సంఘాల్లో పెద్ద వాదనలు నడిచాయట. అందుకే అమ్మ భయపడింది, మంచి మనిషిని కాదనుకుంది అన్నారు. ఆయన తర్వాత కూడా శీతాకాలం వచ్చి వీళ్ల కోళ్ల షెడ్డు ముందు మంచు తీసి వెళ్లేవాడట. ఇది కూడా రాసుకున్నాను.

పాలమూరు అన్నా, మీరు చెప్పినట్టే అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి రికార్డు చేశాం. గుండీల దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి వెళ్లిపోతాడేమో అనుకున్నా, వెళ్లలేదు. ఆ పోలిష్ ఆవిడ పేరేంటని అడిగాడు. మామ్మగారికి ఇంటిపేరు తెలియదు, పిలిచే పేరు మాత్రం తెలుసు. పుస్తకంలో ఉంచడానికి ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఇంటివాళ్ల కాపీలో పెట్టి, సంఘంలో ఇచ్చే కాపీలో తీసేద్దాం అంటాడు. రెండు రకాల పుస్తకాలు నాకొద్దు అంటారు ఈవిడ. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు, నేను ఆ అధ్యాయం టైప్ చేసి పక్కన పెట్టాను.

సాస్కటూన్ అన్నగారూ, ఆర్కైవ్స్‌కు వచ్చేవారం వెళ్తున్నా. ఈడబ్ల్యూజెడ్ ఫైలు అప్లికేషన్‌లో పోలిష్ ఇల్లు ఏ ఊళ్లో ఉందో కూడా అడగవచ్చా? ఆ ఊరి పేరు దొరికితే ఇంటిపేరు వెతకవచ్చని అబ్బాయి అంటున్నాడు.

సాస్కటూన్_పాతకాగితాలు:

అడగండి. పౌరసత్వం తర్వాత ఎక్కడికి పంపారో కొన్ని ఫైళ్లలో ఉంటుంది. జర్మన్ పేరుతో ఉంటుంది, దాని పోలిష్ పేరు మనం పట్టుకోవచ్చు. దొరకగానే ఇక్కడ పెట్టండి.

జపరోజియా_డాక్టర్:

నాన్నగారి ఫైలు వస్తే పేజీల స్కాన్ నాకు పంపండి. ఆ కాలపు రష్యన్ చేతిరాత చదవడం కష్టం, అలవాటున్న నేను చదివి తెలుగులో రాసిపెడతాను.